అరిగేది అంచే



ఈ పూట నేను మాట్లాడబోయే వస్తువు బహుశా ఇప్పుడు మీ కాళ్ళ మీదే ఉండి ఉంటుంది. న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరో చలికాలం అలాంటిది మరి. ఉంటే దాన్ని గడ్డం దాకా లాక్కుని, చేతికి తగిలిన అంచును ఒకసారి తడిమి చూడండి. పీచులు లేచాయా? మడత దగ్గర గుడ్డ విచ్చుకుని లోపలి దూది తొంగి చూస్తోందా? బొంత నడిమధ్యలో చినగడం నేనెప్పుడూ చూడలేదు. అంచు దగ్గరే మొదలవుతుంది. రాత్రంతా మనం పట్టుకు లాగేది అక్కడ. పసిపిల్లలు నోట్లో పెట్టుకునేది అక్కడ. వాషింగ్ మెషీన్‌లో ముందు ఒరుసుకునేదీ అదే.

అందుకని ఇవాళ బొంత గురించి కాకుండా బొంత అంచు గురించి నాలుగు మాటలు చెబుతాను. రేడియోలో కుట్టు నేర్పడమంటే ఫోన్లో ముగ్గు నేర్పడమేనని మా అమ్మాయి నవ్వింది. నవ్వనివ్వండి. మా నాయనమ్మకు బొంత కుట్టడం ఎవరూ పుస్తకంలో చూపించలేదు. పక్కన కూర్చుని వక్క నములుతూ నోటితోనే చెప్పారు.

మాది నరసరావుపేట దగ్గర ఒక పల్లె. ఎండాకాలం మిరపకాయల పని అయ్యాక నాయనమ్మ పాత నూలు చీరలు బయటికి తీసేది. వసారాలో ఒకటి పరిచి, దాని మీద మడతలు పోయేలా మరో మూడు పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టేది. పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి చీరలు కదలకుండా చేసి, ఆ తర్వాత బారులు తీరిన చిన్న కుట్లు. అంచు దగ్గర ఆమె చేసే పని నాకు బాగా గుర్తు. అన్నిటికన్నా కింద పరిచిన చీరను నాలుగు వైపులా బెత్తెడు ఎక్కువ వదిలేది. చివర్లో దాన్ని పైకి తిప్పి, పచ్చి అంచును లోపలికి మడిచి, పైనున్న చీరకు కుట్టేసేది. మూల దగ్గర గుడ్డను పొట్లం మడిచినట్టు మడిచేది.

ఆ పనికి ఆమె పేరేమీ పెట్టలేదు. పాతికేళ్ళ తర్వాత ఇక్కడి లైబ్రరీలో 746.46 అంకె ఉన్న అరలో, క్విల్టుల పుస్తకాల మధ్య, అదే పద్ధతిని బొమ్మలతో సహా చూశాను. అస్తరును ముందుకు తిప్పి కుట్టే అంచు అని ప్రత్యేకంగా ఒక అధ్యాయం. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దపు క్విల్టుల్లోనూ ఇలా తిప్పి కుట్టినవి చాలా ఉన్నాయట. చలి ఎక్కడైనా చలే, పాత గుడ్డ ఎక్కడైనా పాత గుడ్డే కదా.

ఇక్కడి క్విల్టుకూ మన బొంతకూ తేడా ఒక్క ముక్కలో చెబుతాను. క్విల్టుకు మూడు పొరలు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ అనే దూది పొర, కింద అస్తరు. మన బొంతలో మధ్య పొర కూడా చీరే. అంతకుమించి పెద్ద తేడా లేదు.

నేను ఈ దేశం వచ్చాక కుట్టిన మొదటి బొంత మా అమ్మ చీరలతో. అంచు నాయనమ్మ పద్ధతిలోనే వేశాను. చూడముచ్చటగా వచ్చింది. మూడు శీతాకాలాలు గడిచేసరికి తలవైపు మడత మీద గీత గీసినట్టు చినిగింది. అప్పుడు తెలిసింది ఆ పద్ధతిలో ఉన్న చిక్కు. మడత దగ్గర ఉన్నది ఒకే పొర. పైగా అది అస్తరులో భాగం. అంచు పోతే అస్తరు పోయినట్టే, విప్పి మార్చడానికి వేరే ఏమీ లేదు. మరి నాయనమ్మ బొంతలు అన్నేళ్ళు ఎలా ఆగాయి అంటే, అంచు పాడైనప్పుడల్లా ఆమె ఇంకో చీర పైన వేసి మళ్ళీ చుట్టూ కుట్టేసేది. బొంత ఏటికేడు బరువెక్కేది. మాకు చిన్నప్పుడు దాని కింద పడుకుంటే కాలు కదిలేది కాదు.

ఆ చినుగు చూశాక నేను విడి పట్టీకి మారాను. నా మాట వినేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకీ అదే చెబుతాను. అంచు అరగడానికే ఉంది, అది అరగాలి, అరిగాక విప్పి కొత్తది వేయగలగాలి. లోపలి బొంతకు ఏమీ కాకూడదు. మనం చీరకు ఫాల్ ఎందుకు వేస్తాం? నేలకు రాసుకుని పోయేది ఫాల్ పోనీ, చీర పోకూడదనే కదా. ఇదీ అంతే.

పట్టీ లెక్క చూద్దాం. మంచం నిండా పరుచుకునే బొంత ఒక్కో వైపు 90 అంగుళాలు అనుకుందాం. నాలుగు వైపులా 360. మూలలకూ చివరి అతుకుకూ కలిపి ఇంకో 12. మొత్తం 372 అంగుళాల పట్టీ కావాలి. వెడల్పు రెండున్నర అంగుళాలు, బ్యాటింగ్ పలచనిదైతే రెండుంబావు. దాన్ని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేస్తే రెండు పొరల పట్టీ తయారవుతుంది. రెండు పొరలు ఎందుకంటే, పై పొర అరిగినా కింద ఇంకొకటి కాపు ఉంటుంది.

ఇక్కడ దుకాణంలో క్విల్టు గుడ్డ 42 అంగుళాల పన్నా ఉంటుంది. పక్కల గట్టి అంచులు కత్తిరించేస్తే 40 మిగులుతుంది. అంటే పది పట్టీలు కోయాలి, వాటిని తొమ్మిది చోట్ల అతకాలి, చివర కలిపేటప్పుడు పదోది. మన చీర అయిదున్నర మీటర్లు. అంగుళాల్లో 216. పొడవునా రెండు పట్టీలు కోస్తే 432. ఒక్కచోట అతికి, చివర్లో ఒక్కచోట కలిపితే బొంత మొత్తం చుట్టి ఇంకా మిగులుతుంది. 2025లో జోయాన్ గుడ్డల దుకాణాలు దేశమంతటా మూతపడినప్పుడు నాతోపాటు కుట్టే అమెరికన్ ఆడవాళ్ళు గుడ్డ ఎక్కడ కొనాలా అని దిగులుపడ్డారు. నేను అటకెక్కించిన సూట్‌కేసు దించాను.

అయితే ఏ చీర పడితే ఆ చీర పనికిరాదు. జరీ అంచు చూసి మురిసిపోయి దాన్నే పట్టీగా వేయకండి. నేను వేశాను. జరీ గట్టిగా ఉండి మూల దగ్గర మడత కూర్చోదు, నాలుగు ఉతుకులకు పోగులు లేచి చర్మానికి గీరుకుంటాయి. మెత్తటి నూలు చీర, అదీ పాదాల దగ్గర నలగని పై భాగం నుంచి కోసిన పట్టీ మేలు. పట్టు, సింథటిక్ జోలికి పోవద్దు.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, సిగ్గుగా ఉన్నా. తెల్లటి బొంతకు ఎర్ర అంచు బాగుంటుందని ఒక కొత్త ఎర్ర నేత చీరను ఉతక్కుండా కోశాను. మూడు వారాలు కుట్టాను. మొదటి ఉతుకుకే ఎరుపు దిగి తెల్లటి బొంత చుట్టూ పారాణి పెట్టినట్టయింది. పెళ్ళికూతురికి అందం, బొంతకు కాదు. గుడ్డను ముందు విడిగా తడపండి, తెల్ల గుడ్డ పెట్టి రుద్ది చూడండి, రంగు అంటకుండా ఉన్నప్పుడే కత్తెర పట్టండి.

సరే, ఇప్పుడు కుట్టు. దయచేసి దగ్గర్లో ఉన్న పుస్తకం ఒకటి, కాస్త రిబ్బనో నాడానో తీసుకోండి. బండి నడుపుతున్నవాళ్ళు వద్దు, మీరు వింటే చాలు. పుస్తకమే బొంత అనుకోండి. మడిచిన పట్టీ తెరుచుకున్న వైపు బయటికి, మడత వైపు లోపలికి ఉండేలా పుస్తకం కుడి అంచు వెంట పెట్టండి. మొదలు ఎప్పుడూ మూలలో పెట్టకూడదు. పక్క మధ్యలో, పట్టీ చివర ఒక జానెడు వదిలిపెట్టి మొదలుపెట్టాలి. అంచుకు పావు అంగుళం లోపలగా కిందికి కుట్టుకురండి. మెషీన్‌కు వాకింగ్ ఫుట్ ఉంటే తగిలించండి. అది పొరలన్నిటినీ ఒకే వేగంతో నడిపిస్తుంది, లేకపోతే పై గుడ్డ వెనకబడి అంచు అలలు అలలుగా వస్తుంది.

కింది మూల ఇంకా పావు అంగుళం ఉందనగా ఆపండి. దారం తెంపండి. ఇప్పుడు వేలాడుతున్న పట్టీని కుడివైపుకు, పుస్తకం బయటికి తిప్పండి. మూల దగ్గర 45 డిగ్రీల ఏటవాలు మడత పడుతుంది. ఆ మడతను వేలితో నొక్కి పట్టుకుని, పట్టీని మళ్ళీ ఎడమవైపుకు, పుస్తకం కింది అంచు మీదికి మడవండి. రెండో మడత సరిగ్గా కుడి అంచుతో కలిసిపోవాలి. అక్కడి నుంచి మళ్ళీ కుట్టు మొదలు. ఏమీ జరగలేదనిపిస్తుంది. పట్టీని వెనక్కి తిప్పినప్పుడు చూడండి, మూల చిత్రపటం చట్రానికి ఉన్నట్టు ఏటవాలు గీతతో నిలబడుతుంది. నాకు మొదటిసారి అది కుదిరినప్పుడు రాత్రి పదకొండైంది. మా ఆయన్ని నిద్రలేపి చూపించాను. ఆయన చూసి బాగుందన్నారు. ఏం బాగుందో ఇప్పటికీ తెలియదు ఆయనకు.

చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చాక రెండు చివరల్నీ కలపడం ఉంది చూశారూ, అది ఈ పనిలో కష్టమైన ఘట్టం. మేముండే ప్లెయిన్స్‌బరోలో ఒకప్పుడు వాకర్-గోర్డన్ డెయిరీ ఉండేది. 1930లో అక్కడ యాభై ఆవులు ఒకేసారి నిలబడే తిరుగుడు తిన్నె పెట్టారు, రోటోలాక్టర్ అని. ఆవు తిన్నె ఎక్కితే ఒక చుట్టు తిరిగేసరికి పాలు పితకడం అయిపోయేది, ఎక్కిన చోటే దిగిపోయేది. ఆవుకైతే అతుకు అక్కర్లేదు. మనకు కావాలి. రెండు చివరల్నీ ఒకదాని మీద ఒకటి పరిచి, పట్టీ వెడల్పు ఎంతో అంతే, అంటే రెండున్నర అంగుళాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కత్తిరించండి. మడతలు విప్పి, రెండింటినీ లంబంగా పెట్టి ఏటవాలుగా కుట్టండి. తిన్నగా అతికితే మడతలన్నీ ఒక్కచోట పేరుకుని గడ్డ కడుతుంది. ఏటవాలైతే ఆ మందం పంచుకుపోతుంది. కత్తిరించే ముందు ఒకసారి గుండుసూదులు పెట్టి, మెలిక పడలేదని చూసుకోండి. మెలిక పడ్డాక కోసినవాళ్ళ బాధ నేనెరుగుదును.

ఇక వెనక్కి తిప్పి చేత్తో కుట్టడం. దీనికి ఇక్కడి పుస్తకాలు కనపడని కుట్టు అని పేరు పెట్టి పేజీలకు పేజీలు రాశాయి. మనవాళ్ళకు ఒక్క మాట చాలు: ఫాల్ కుట్టు. సూది మడతలోంచి నడిచి, కింది గుడ్డలో ఒకటి రెండు పోగులు మాత్రమే పట్టుకుని, మళ్ళీ మడతలోకి దూరుతుంది. విజయవాడలోనూ వరంగల్‌లోనూ ప్రతి బజారులో ఫాల్, పీకో బోర్డు కింద కూర్చుని ఆడవాళ్ళు రోజంతా చేసే పని ఇదే. బొంతలో సూది మూడో పొరకు, అంటే ముందు వైపుకు పొడుచుకురాకుండా చూసుకోవాలి, అంతే తేడా. దారం అస్తరు రంగు కాదు, పట్టీ రంగుది వాడండి. 360 అంగుళాలు కుట్టడానికి నాకు మూడు తెలుగు సినిమాలంత సేపు పడుతుంది. పాత సినిమాలైతే రెండు చాలు, అవి మరి అంత పొడుగు.

క్విల్టు పోటీల్లో న్యాయనిర్ణేతలు అంచును వేళ్ళ మధ్య నొక్కి చూస్తారు. పట్టీ లోపల బ్యాటింగ్ చివరిదాకా నిండి ఉందా, బోలుగా ఉందా అని. మూల మడత సందు కుట్టి మూశారా, వదిలేశారా అని. బోలుగా ఉన్న అంచు త్వరగా నలిగి చినుగుతుంది కాబట్టి ఆ పరీక్షలో న్యాయం ఉంది. చేతి కుట్టే గొప్పదనే పట్టుదల మాత్రం నాకు లేదు. పసిపిల్లల బొంత వారానికి రెండుసార్లు ఉతుకుతారు. దానికి పట్టీని మొదట వెనకవైపు కుట్టి, ముందుకు తిప్పి, మెషీన్ మీదే కనపడేలా కుట్టు వేయండి. గట్టిగా ఉంటుంది. పెళ్ళికి ఇచ్చే బొంతకు చేతి కుట్టు వేయండి, వాళ్ళు ఎలాగూ అల్మారాలో దాస్తారు.

గుండ్రటి మూలలు, వంకీల అంచులు ఉంటే తిన్నటి పట్టీ లొంగదు. అక్కడ క్రాస్ పట్టీ కావాలి. జాకెట్టు మెడకు పైపింగ్ వేసేటప్పుడు మన టైలర్లు క్రాస్ ముక్క అంటారే, అదే. గుడ్డను పడుగుకూ పేకకూ ఏటవాలుగా కోస్తే అది సాగుతుంది, వంపు తిరుగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. చీర పొడవునా కోసిన పట్టీలో మడత ఒకే పడుగు పోగు వెంట నడుస్తుంది. ఆ పోగు తెగితే గీత గీసినట్టు చినుగుతుంది. క్రాస్ పట్టీలో మడత వందల పోగుల మీదుగా పోతుంది, ఒకటి రెండు తెగినా నిలుస్తుంది. అందుకే క్రాస్ పట్టీ ఎక్కువ కాలం ఆగుతుందని చాలామంది వాదిస్తారు. ఒప్పుకుంటాను. కానీ గుడ్డ దండిగా పోతుంది, కొత్తవాళ్ళ చేతిలో సాగిపోయి అంచు వంకరపోతుంది. తిన్నటి బొంతకు తిన్నటి పట్టీయే నా ఓటు.

మిగతా పద్ధతులు గబగబా చెప్పేస్తాను. గలీబు పద్ధతి ఒకటుంది. మూడు పొరల్నీ తిరగేసి కుట్టి, కొంచెం సందు వదిలి, దిండు గలీబును తిప్పినట్టు తిప్పేయడం. పిల్లల బొంతలకు సులువు. రెండు గుడ్డల అంచుల్నీ లోపలికి మడిచి, కజ్జికాయ మూసినట్టు ఎదురెదురుగా కుట్టేయడం ఇంకొకటి. బయటికి పట్టీ కనపడదు, అరిగితే మార్చేదీ ఉండదు. చిన్న చిన్న గుడ్డ ముక్కల్ని త్రికోణాలుగా మడిచి అంచు వెంట వరసగా కుడతారు, మామిడాకుల తోరణంలా, టెంపుల్ బార్డర్ చీరలా ఉంటుంది. చూడటానికి ముచ్చటే. ఉతికాక ఒక్కో ఆకూ ఒక్కో దిక్కు చూస్తుంది.

లాంకాస్టర్ గురించి చెప్పకుండా దాటలేను. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మనందరం వాళ్ళను పెన్సిల్వేనియాలోని ఆ ఆమిష్ పల్లెలకు తీసుకెళ్తాం, గుర్రబ్బండి చూపించి, జామ్ సీసా కొని తిరిగొస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు క్విల్టుల అంచులు చూడండి. పాత లాంకాస్టర్ ఆమిష్ క్విల్టులకు అంచు పట్టీ బాగా వెడల్పు, బొటనవేలంత. రంగు కూడా చాలాసార్లు లోపలి రంగులతో కలవనిది. గాఢమైన నీలానికి ఊదా, ఎరుపుకు ఆకుపచ్చ. మన గద్వాల చీరల్లో ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఒకటి ఉన్నట్టే. అంచును దాచాలని వాళ్ళకూ అనిపించలేదు, మన నేతగాళ్ళకూ అనిపించలేదు.

అంచు నుంచే మొదలుపెట్టే బొంత కూడా ఒకటి ఉంది. మన పొరుగున కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు కుడతారు, కవంది అంటారు. ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్ళ సంతతి సిద్దీలు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు ఆఫ్రికన్ అశ్విక దళం వల్ల వచ్చిందని తెలిసినవాళ్ళకు వాళ్ళు కొత్త కాదు. కవంది కుట్టే ఆమె ముందు ఒక మూల దగ్గర కూర్చుంటుంది. అంచు గుడ్డను మడిచి కుడుతూ చుట్టూ వెళ్తుంది, ముక్క మీద ముక్క చేర్చుకుంటూ చుట్టు తర్వాత చుట్టు లోపలికి వస్తుంది, చివరికి నడిమధ్యలో ముగిస్తుంది. మనం అందరం ఆఖర్న అలసిపోయి చేసే పనిని ఆమె మొదట్లోనే, ఓపిక ఉన్నప్పుడే చేసేస్తుంది. నాలుగు మూలలా పొరలు పొరలుగా మడిచిన చిన్న త్రికోణాలు కుడుతుంది, వాటిని ఫులా అంటారు, పువ్వులని. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు వాళ్ళ లెక్కలో. నేను ఈ మధ్య కుట్టిన రెండు బొంతలకు మూలల్లో ఫులాలు పెట్టాను. మా అమ్మాయి వాటిని సమోసాలంటుంది.

చివరగా ఒక పని మిగిలింది. పట్టీని వెనక్కి తిప్పి కుట్టబోయే ముందే, వెనకవైపు ఒక మూలలో, పేరు రాయడానికి అరచేతి అంత తెల్ల గుడ్డ పెట్టండి. దాని రెండు వైపులు పట్టీ కింద చిక్కుకుపోతాయి, మిగిలిన రెండు వైపులు కుట్టుకుంటే సరిపోతుంది. 1840ల్లో మన న్యూజెర్సీ పక్కనే పారే డెలావేర్ నది లోయలో ఆడవాళ్ళు పేర్ల క్విల్టులు కుట్టారు. ఒక్కో ముక్క మీద ఒక్కొక్కరు సిరాతో సంతకం చేశారు. వాటిలో కొన్ని ఇవాళ మ్యూజియంలలో ఉన్నాయి, ఆ పేర్లు ఇంకా చదవడానికి వస్తున్నాయి. మా నాయనమ్మ కుట్టిన బొంతల్లో ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. మిగిలిన ఒక్క బొంతను మా తమ్ముడు ట్రాక్టరు సీటు మీద వేసుకున్నాడు.

కాబట్టి ఉతికినా పోని సిరా పెన్ను తీసుకోండి. తెలుగులోనే రాయండి. ఎవరి చీరలు, ఎవరు కుట్టారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో. రాసిన గుడ్డను ఇస్త్రీ పెట్టె కింద ఒకసారి వేడి చేసి, అప్పుడు అంచు కుట్టండి.